మోటారు సైకిల్ కర్మాగారాల నుంచి గగనతలానికి: చిన్న విమాన ఇంజన్ల చరిత్ర

పాఠ్య లక్ష్యాలు

ఈ పాఠాన్ని అధ్యయనం చేసిన తరువాత మీరు:
- తొలి విమాన ఇంజన్లకూ మోటారు సైకిల్ పరిశ్రమకూ ఉన్న సంబంధాన్ని వివరించగలుగుతారు.
- మోటారు సైకిల్ ఇంజనును విమాన ఇంజనుగా మార్చడంలో ఎదురైన సమస్యలను గుర్తించగలుగుతారు.
- భారతదేశంలో ఈ రెండు పరిశ్రమలు వేరువేరు దారుల్లో నడవడానికి గల కారణాలను చర్చించగలుగుతారు.
- విజయవాడ, కృష్ణా డెల్టా ప్రాంతాల యాంత్రిక నైపుణ్యాన్ని ఈ చరిత్ర వెలుగులో అంచనా వేయగలుగుతారు.

1. పరిచయం

విమాన చరిత్రను మనం సాధారణంగా రెక్కల చరిత్రగా చదువుకుంటాం. కాని రెక్కల గురించి 19వ శతాబ్దం చివరికే చాలా సంగతులు తెలిసిపోయాయి. జర్మనీకి చెందిన ఒట్టో లిలియెంతాల్ 1890వ దశకంలో ఇంజను లేని గ్లైడర్లతో కొండల మీద నుంచి ఎన్నోసార్లు గాలిలో తేలాడు. అలా తేలగలిగిన మనిషి తన శక్తితో పైకి ఎగరలేకపోవడానికి ముఖ్య కారణం తగిన ఇంజను లేకపోవడమే. ఆనాటి ఆవిరి యంత్రాలకు బలం ఉంది. కాని బొగ్గు, నీరు, బాయిలరు కలిపితే వాటి బరువు రెక్కలు మోయలేనంత అయ్యేది.

బరువు తక్కువ, బలం ఎక్కువ ఉన్న ఇంజను అప్పట్లో ఎవరికి అవసరమైంది? రెండు చక్రాల బండికి ఇంజను బిగించాలనుకున్నవారికి. మనిషి కాళ్ల మధ్య ఇమడాలి, నీటి తొట్టి లేకుండా గాలికే చల్లబడాలి, సైకిల్ చట్రం మోయగలిగినంత బరువే ఉండాలి. ఈ మూడు షరతులూ విమానానికి కూడా సరిపోయాయి. అందుకే తొలి వైమానికులు చాలామంది మోటారు సైకిల్ తయారీదారుల గుమ్మం తొక్కారు.

అయితే కథ అంతటితో ముగియలేదు. తేలికైన ఇంజను తయారు చేయడం మొదటి మెట్టు. దానిని ప్రాణాలు అప్పగించదగినంత నమ్మకమైన ఇంజనుగా తీర్చిదిద్దడం రెండో మెట్టు. మొదటి మెట్టు ఎక్కడానికి చేతిపనితనం చాలు. రెండో మెట్టుకు పరీక్ష, లెక్క, రాతపూర్వక నమోదు, ధ్రువీకరణ కావాలి. ఈ పాఠంలోని ప్రధాన వాదన ఇదే. ఇంజను పనిలో పేరు పొందిన విజయవాడ వంటి నగరానికి ఈ వాదనతో నేరుగా సంబంధం ఉంది.

2. పోలికలు, తేడాలు

ఈ చరిత్రను అర్థం చేసుకోవడానికి కొంత సాంకేతిక పరిజ్ఞానం అవసరం. రెండు ఇంజన్లకూ కొలమానం ఒక్కటే: ప్రతి కిలో బరువుకు ఎంత శక్తి వస్తుంది? తేడాలు మాత్రం మూడున్నాయి.

మొదటిది, పనిభారం. మోటారు సైకిల్ ఇంజను రోడ్డుమీద తన పూర్తి శక్తిని ఎప్పుడో గాని వాడదు. ఎత్తు ఎక్కేటప్పుడు, ముందున్న లారీని దాటేటప్పుడు కొద్దిసేపు కష్టపడుతుంది, తరువాత తేలికగా నడుస్తుంది. విమాన ఇంజను పైకి లేచేటప్పుడు పూర్తి శక్తితోనూ, ఆ తరువాత గంటల తరబడి సుమారు నాలుగింట మూడు వంతుల శక్తితోనూ పనిచేయాలి. రోడ్డుమీద ఏళ్ల తరబడి మన్నిన పిస్టను గాలిలో కొద్ది గంటలకే పట్టేయవచ్చు.

రెండవది, వేగం. చిన్న ఇంజను ఎక్కువ శక్తిని ఇవ్వాలంటే వేగంగా తిరగాలి. ప్రొపెల్లర్ మాత్రం నెమ్మదిగా తిరిగితేనే సమర్థంగా పనిచేస్తుంది. దాని కొసల వేగం ధ్వని వేగానికి దగ్గరైతే చప్పుడు పెరుగుతుంది, లాగే శక్తి తగ్గుతుంది. అందుచేత వేగాన్ని తగ్గించే గేర్లు మధ్యలో అమర్చవలసి వస్తుంది. అవి అదనపు బరువు, చెడిపోవడానికి అదనపు అవకాశం కూడా.

మూడవది, వైఫల్య ఫలితం. బండి ఆగిపోతే పక్కకు తోసుకుని మెకానిక్కు కోసం ఎదురుచూస్తాం. విమానానికి ఆ అవకాశం లేదు. అందుకే విమాన ఇంజన్లలో ప్రతి సిలిండరుకూ రెండు స్పార్కు ప్లగ్గులు, వాటికి విడివిడిగా రెండు జ్వలన వ్యవస్థలు పెట్టడం ఆనవాయితీ అయింది. ఒకటి పోయినా రెండోది నడిపిస్తుంది.

3. తొలి దశ: 1903–1914

1903 డిసెంబరు 17న అమెరికాలో రైట్ సోదరులు ఎగిరిన విమానానికి ఇంజను బయటి కంపెనీల నుంచి దొరకలేదు. వారి సైకిల్ దుకాణంలో పనిచేసే చార్లీ టేలర్ దానిని తయారు చేశాడు. అది సుమారు 12 హార్స్‌పవర్ ఇచ్చేది. ఆ రోజు అన్నిటికన్నా ఎక్కువసేపు సాగిన ప్రయాణం 59 సెకన్లు. సైకిల్ దుకాణం నుంచి విమానం రావడం వింతగా అనిపించవచ్చు. తేలికైన చట్రం, గొలుసు, బేరింగులు, కొలత తప్పని లేత్ పని ఆ కాలంలో సైకిల్ పనివారి దగ్గరే ఉండేవి.

మోటారు సైకిల్ తయారీదారు నేరుగా విమాన ఇంజన్ల పరిశ్రమలోకి వచ్చిన ఉదాహరణగా గ్లెన్ కర్టిస్‌ను చెప్పవచ్చు. న్యూయార్క్ రాష్ట్రంలోని హామండ్స్‌పోర్ట్ అనే చిన్న ఊళ్లో ఆయన సైకిళ్ల వ్యాపారంతో మొదలై మోటారు సైకిళ్ల తయారీలోకి వచ్చాడు. ఆయన ఇంజను తేలికదనం చూసి థామస్ బాల్డ్విన్ 1904లో తన గాలి ఓడకు దానినే అమర్చుకున్నాడు. ఆ తరువాత విమానాల కోసం రూపొందించిన ఎనిమిది సిలిండర్ల ఇంజనును కర్టిస్ ఒక మోటారు సైకిల్‌కు బిగించి, 1907 జనవరిలో ఫ్లోరిడా తీరంలో గంటకు 136 మైళ్ల, అంటే సుమారు 219 కిలోమీటర్ల వేగంతో నడిపాడు. టెలిఫోను సృష్టికర్త అలెగ్జాండర్ గ్రహాంబెల్ అదే ఏడాది స్థాపించిన ప్రయోగ సంఘంలో చేరి, 1908 జులై 4న 'జూన్ బగ్' అనే విమానాన్ని కిలోమీటరుకు మించిన దూరం నడిపి బహుమతి గెలుచుకున్నాడు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఆయన సంస్థ తయారు చేసిన 90 హార్స్‌పవర్ 'ఓఎక్స్-5' ఇంజన్లు వేల సంఖ్యలో వచ్చాయి. యుద్ధం తరువాత మిగిలిన ఇంజన్లు చౌకగా అమ్ముడై అమెరికాలో పౌర విమానయానానికి పునాది వేశాయి.

ఐరోపాలోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. మోటారు సైకిల్ పందాల్లో పేరు పొందిన ఇటలీ దేశీయుడు అలెసాండ్రో అంజానీ ఫ్రాన్సులో ఇంజన్లు తయారు చేసేవాడు. 1909 జులై 25న లూయీ బ్లెరియో ఇంగ్లీష్ ఛానెల్‌ను దాటింది అంజానీ చేసిన మూడు సిలిండర్ల, 25 హార్స్‌పవర్ ఇంజనుతోనే. ఆ ప్రయాణం సుమారు 37 నిమిషాలు సాగింది. దారిలో వేడెక్కిన ఇంజనును ఒక వాన జల్లు చల్లబరిచిందని చెబుతారు. అదే నెల 13న లండన్ శివార్లలోని వాల్తమ్‌స్టో బీడుల్లో ఎ.వి. రో తన మూడు అంతస్తుల రెక్కల విమానాన్ని సుమారు వంద అడుగులు ఎగిరించాడు. దానిలో ఉన్నది జె.ఎ. ప్రెస్ట్‌విచ్ సంస్థ తయారు చేసిన 9 హార్స్‌పవర్ మోటారు సైకిల్ ఇంజను.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. పైన చెప్పిన ప్రయాణాలు నిమిషాల్లోనే ముగిశాయి. ఇంజనుకు అసలు పరీక్ష ఇంకా ఎదురుకాలేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
(అ) తొలి వైమానికులకు ఆవిరి యంత్రం ఎందుకు పనికిరాలేదు?
(ఆ) గ్లెన్ కర్టిస్ ప్రాముఖ్యాన్ని రెండు వాక్యాల్లో రాయండి.

4. లింప్న్ పోటీలు నేర్పిన పాఠం

మొదటి ప్రపంచయుద్ధం తరువాత బ్రిటన్‌లో ఒక కొత్త ఆశ పుట్టింది: మోటారు సైకిల్ కొనగలిగినవాడు విమానం కూడా కొనగలగాలి. ఈ ఆశతో 1923 అక్టోబరులో ఇంగ్లండులోని లింప్న్ అనే చోట తేలికపాటి విమానాలకు పోటీలు పెట్టారు. ఇంజను 750 సీసీ దాటరాదని నిబంధన. ఏబీసీ, డగ్లస్, బ్లాక్‌బర్న్ వంటి మోటారు సైకిల్ ఇంజన్ల పేర్లే అక్కడ ఎక్కువగా వినిపించాయి.

ఫలితాలు ఆశ్చర్యం కలిగించాయి. ఇంగ్లీష్ ఎలక్ట్రిక్ సంస్థ 'రెన్' విమానం 398 సీసీ ఏబీసీ ఇంజనుతోనూ, 'ఆనెక్' విమానం బ్లాక్‌బర్న్ ఇంజనుతోనూ గాలన్‌కు 87.5 మైళ్లు నడిచి బహుమతిని పంచుకున్నాయి. మన లెక్కలో ఇది లీటరుకు దాదాపు 31 కిలోమీటర్లు. నేటి చాలా కార్లు కూడా ఇంత మైలేజీ ఇవ్వవు.

అయినా ఈ విమానాలు జనంలోకి వెళ్లలేదు. చిన్న ఇంజను తన శక్తి అంతటినీ ధారపోస్తేగాని విమానం లేచేది కాదు. కొంచెం ఎదురుగాలి వస్తే ముందుకు సాగేది కాదు. నిరంతర భారానికి భాగాలు అరిగిపోయేవి. పోటీకి పనికొచ్చిన ఇంజను నిత్య వినియోగానికి పనికిరాలేదు.

పరిష్కారం వేరే దిక్కు నుంచి వచ్చింది. ఫ్రాంక్ హాల్‌ఫర్డ్ అనే ఇంజనీరు, యుద్ధంలో మిగిలిపోయిన ఎనిమిది సిలిండర్ల రెనో విమాన ఇంజను భాగాలను తీసుకుని, దానిలో సగం అనదగిన నాలుగు సిలిండర్ల 'సిర్రస్' ఇంజనును రూపొందించాడు. సుమారు 60 హార్స్‌పవర్ ఇచ్చే ఆ ఇంజనుతో 1925 ఫిబ్రవరిలో డి హావిలాండ్ 'మాత్' విమానం ఎగిరింది. అది ప్రపంచమంతటా ఫ్లయింగ్ క్లబ్బుల విమానమైంది. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి టపా తెచ్చిన 'పస్ మాత్' విమానం ఈ కుటుంబానిదే. మన దేశ పౌర విమానయాన చరిత్రలో ఒక ముఖ్య అధ్యాయం వెనుక, మోటారు సైకిల్ ఇంజను పరిమితులను గుర్తించిన ఈ అనుభవం ఉందని మరచిపోరాదు.

5. జర్మనీ: రెండు వైపులా ప్రయాణం

జర్మనీలో ఈ సంబంధం రెండు దిశల్లోనూ నడిచింది. బీఎండబ్ల్యూ సంస్థ మొదట విమాన ఇంజన్ల సంస్థ. 1919 వెర్సాయ్ సంధి జర్మనీలో విమాన ఇంజన్ల తయారీని నిషేధించడంతో అది వేరే సరుకు వెతుక్కోవలసి వచ్చింది. విమాన ఇంజన్ల రూపకర్త మాక్స్ ఫ్రిజ్ చేతి మీదుగానే 1923లో 'ఆర్-32' మోటారు సైకిల్ వచ్చింది. ఒక రాజకీయ ఒప్పందం ఇంజనీర్ల నైపుణ్యాన్ని ఆకాశం నుంచి రోడ్డుమీదికి దింపిందన్నమాట.

న్యూరెంబర్గ్‌లోని జుండాప్ సంస్థది ఎదురు ప్రయాణం. మోటారు సైకిళ్లకు పేరుపొందిన ఆ సంస్థ 1930వ దశకం చివరలో శిక్షణ, క్రీడా విమానాల కోసం సుమారు 50 హార్స్‌పవర్ ఇచ్చే నాలుగు సిలిండర్ల ఇంజనును తయారు చేసింది. బండి ఇంజనుకు ప్రొపెల్లర్ తగిలించి ఊరుకోలేదు. సిలిండర్లను తలకిందులుగా అమర్చి, పైలటుకు ముందు చూపు అడ్డురాకుండా, విమానం కోసమే కొత్తగా రూపొందించింది. మోటారు సైకిల్ సంస్థ చేసిన చిన్న విమాన ఇంజనుకు ఇది మంచి ఉదాహరణ.

6. రెండో ప్రపంచయుద్ధం తరువాత: ఆస్ట్రియా, జపాన్

1970, 80లలో 'మైక్రోలైట్' అనే అతి తేలికైన విమానాలు వ్యాపించాయి. వాటికి ఎక్కువగా వాడింది ఆస్ట్రియాలోని రోటాక్స్ సంస్థ ఇంజన్లను. మంచు బళ్లకు, మోటారు సైకిళ్లకు ఇంజన్లు చేసిన సంస్థ ఇది. దాని రెండు స్ట్రోకుల ఇంజన్లు తేలికైనవి, చౌకైనవి. కాని అవి ఎప్పుడైనా ఆగిపోవచ్చునని, దిగడానికి చోటు చూసుకుంటూనే ఎగరాలని తయారీదారే హెచ్చరించేవాడు.

రోటాక్స్ అక్కడితో ఆగి ఉంటే లింప్న్ కథే పునరావృతమయ్యేది. అది నాలుగు స్ట్రోకుల, రెండు జ్వలన వ్యవస్థల, గేర్లతో ప్రొపెల్లర్‌ను తిప్పే '912' ఇంజనును రూపొందించి 1989లో ధ్రువీకరణ పొందింది. సమగ్ర మరమ్మతుకు ముందు నడవదగిన గంటలను, వినియోగ అనుభవం ఆధారంగా, క్రమంగా 2,000కు పెంచింది. బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లాబొరేటరీస్ రూపొందించిన 'హంస-3' శిక్షణ విమానానికి అమర్చినది కూడా రోటాక్స్ ఇంజనే.

జపాన్‌లో యమహా చరిత్ర మరీ ఆసక్తికరం. సంగీత వాద్యాలు చేసే మాతృసంస్థ చెక్క పనితనంతో విమాన ప్రొపెల్లర్లు తయారు చేసింది. యుద్ధానంతరం 1955లో మోటారు సైకిళ్లలోకి వచ్చింది. గ్రామాల్లో వృద్ధులే మిగిలి వ్యవసాయానికి మనుషులు దొరకని పరిస్థితుల్లో, వరి పొలాలపై మందు చల్లడానికి 1987లో 'ఆర్-50' అనే పైలటు లేని చిన్న హెలికాప్టర్‌ను మార్కెట్టులోకి తెచ్చింది. దానిలోనిది 98 సీసీ ఇంజను. 20 కిలోల సరుకు మోసేది. వరి పండించే కృష్ణా డెల్టా విద్యార్థులు ఈ ఉదాహరణను ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
(అ) లింప్న్ పోటీల్లో గెలిచిన ఇంజన్లు నిత్య వినియోగానికి ఎందుకు నిలవలేదు?
(ఆ) రోటాక్స్ రెండు స్ట్రోకుల ఇంజనుకూ '912' ఇంజనుకూ తేడా ఏమిటి?

7. భారతదేశం: వేరుపడిన దారులు

మన దేశంలో మోటారు సైకిల్ పరిశ్రమ చిన్నదేమీ కాదు. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్, 1960వ దశకంలో మైసూరులో జావా, ఎస్కార్ట్స్ వారి రాజ్‌దూత్ వచ్చాయి. మరి వీరిలో ఎవరూ విమాన ఇంజన్ల వైపు ఎందుకు చూడలేదు?

జవాబు ప్రధానంగా విధానాల్లో ఉంది. వాల్‌చంద్ హీరాచంద్ చొరవతో 1940లో బెంగళూరులో మొదలైన హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ యుద్ధకాలంలోనే ప్రభుత్వ అధీనంలోకి వెళ్లింది. 1956 పారిశ్రామిక విధాన తీర్మానం విమాన పరిశ్రమను ప్రభుత్వానికే ప్రత్యేకించిన 'ఎ' జాబితాలో చేర్చింది. మోటారు సైకిళ్లు ప్రైవేటు రంగంలో, లైసెన్సుల పరిమితిలో ఉన్నాయి. ఒకరి అనుభవం ఇంకొకరికి చేరే వంతెన ఏర్పడలేదు. రెండు పరిశ్రమలూ విదేశీ నమూనాలపైనే ఎక్కువగా ఆధారపడ్డాయి. 1958లో ఎగిరిన 'పుష్పక్' శిక్షణ విమానాన్ని మనవారే రూపొందించినా, దానికి అమర్చినది అమెరికా కాంటినెంటల్ సంస్థ 90 హార్స్‌పవర్ ఇంజను. తరువాతి కాలంలో హైదరాబాద్ ఆల్విన్ సంస్థ కూడా 'పుష్పక్' పేరుతోనే స్కూటరు తెచ్చింది. రెండు పుష్పకాలకూ పేరులో తప్ప ఇంజనులో బంధుత్వం లేదు. మన పారిశ్రామిక చరిత్రను ఈ ఒక్క ఉదాహరణ చక్కగా సూచిస్తుంది.

ఆ వంతెన కొంతవరకు ఇటీవల కనిపిస్తోంది. బ్రిటన్‌లోని నార్టన్ మోటారు సైకిల్ సంస్థ పిస్టను లేకుండా త్రికోణపు రోటరు తిరిగే 'వాంకెల్' ఇంజనును అభివృద్ధి చేసింది. 1990వ దశకం ఆరంభంలో ఆ పరిజ్ఞానం పైలటు లేని విమానాల ఇంజన్లుగా వేరే సంస్థకు చేరింది. అదే తరహా ఇంజను మన 'నిశాంత్' మానవరహిత విమానానికి అవసరమైనప్పుడు, దిగుమతికి బదులుగా మన ప్రభుత్వ ప్రయోగశాలలు కలిసి 55 హార్స్‌పవర్ వాంకెల్ ఇంజనును రూపొందించి 2009లో ఎగిరించాయి. 2020లో చెన్నైకి చెందిన టీవీఎస్ మోటార్ సంస్థ నార్టన్‌ను కొనుగోలు చేసింది. అయితే ఆ కొనుగోలు మోటారు సైకిళ్ల కోసమేగాని విమాన ఇంజన్ల కోసం కాదు.

8. విజయవాడ, కృష్ణా డెల్టా: నైపుణ్యం ఉంది, మరి తరువాత?

1855లో కృష్ణా ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా ధాన్యాగారమైంది. కాలువ పడవల తరువాత రైళ్లు, ఆ తరువాత లారీలు ఆ ధాన్యాన్ని మోశాయి. రైసు మిల్లులకూ, నీటి తోడకాలకూ ఆయిల్ ఇంజన్లు వచ్చాయి. రెండు జాతీయ రహదారులు కలిసే విజయవాడలో ఇంజను పని ఒక జీవనాధారమైంది. 1960వ దశకంలో ఏర్పడిన జవహర్ ఆటోనగర్ దేశంలోని పెద్ద వాహన మరమ్మతు కేంద్రాల్లో ఒకటి. సిలిండరు బోరింగు, క్రాంక్‌షాఫ్ట్ గ్రైండింగు, బాడీ బిల్డింగు వంటి పనులన్నీ అక్కడ ఒకే చోట జరుగుతాయి. ఊరికి ఇంకో పక్క గన్నవరంలో రెండో ప్రపంచయుద్ధ కాలం నుంచీ విమానాశ్రయం ఉంది. రెండింటి మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే అయినా, ఈ రెండు ప్రపంచాలూ కలుసుకోలేదు.

హామండ్స్‌పోర్ట్‌లో కర్టిస్ దుకాణానికి ఉన్న చేతిపనితనం ఆటోనగర్‌కు లేదని ఎవరూ అనలేరు. తేడా ఎక్కడంటే, ఆటోనగర్ జ్ఞానం పనివాడి చేతిలో, చెవిలో ఉంది. శబ్దం విని లోపం పసిగట్టే మేస్త్రీ తన అంచనాను ఎక్కడా రాసిపెట్టడు. ఆయన తరువాత అది శిష్యుడికి కొంత చేరుతుంది, కొంత పోతుంది. విమాన పరిశ్రమ మాత్రం ప్రతి భాగానికీ ఎవరు చేశారు, ఏ లోహం, ఎన్ని గంటలు నడిచింది అనే చిట్టా అడుగుతుంది. చిట్టా లేని భాగం ఎంత బాగున్నా ఎగరడానికి వీల్లేదు. ఇది మేస్త్రీ తప్పు కాదు. ఆయన పనిని కొలిచి, పరీక్షించి, ముద్ర వేసే సంస్థలను మనం ఆయనకు అందుబాటులోకి తేలేదు.

ఈ ప్రశ్న ఇప్పుడు కొత్త రూపంలో ముందుకొచ్చింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ తదితర ప్రాంతాలు మునిగినప్పుడు, పడవలు వెళ్లలేని చోట్లకు డ్రోన్లతో ఆహారం, మందులు చేరవేశారు. ఆ మరుసటి నెలలోనే మంగళగిరిలో డ్రోన్ సదస్సు జరిగింది, పున్నమి ఘాట్ మీద 5,500 డ్రోన్ల ప్రదర్శన జరిగింది. గుంటూరు దగ్గర లాంలోని ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం డ్రోన్ పైలట్లకు శిక్షణ ఇస్తోంది. డెల్టా వరిచేలపై మందు చల్లే డ్రోన్లు ఇప్పుడు కొత్త కాదు. వీటిలో చాలావరకు విద్యుత్ మోటార్లతో నడిచేవే. బ్యాటరీ బరువు వల్ల వీటి ప్రయాణం నిమిషాల్లోనే ముగుస్తుంది. ఎక్కువసేపు ఎగరాలంటే తేలికైన ఇంజను అవసరం మళ్లీ ముందుకొస్తుంది. 1903లో వేసిన ప్రశ్నే ఇది.

2021 డ్రోన్ నిబంధనల ప్రకారం వాణిజ్య వినియోగంలోని డ్రోన్ నమూనాలకు సాధారణంగా టైప్ సర్టిఫికెట్ తప్పనిసరి. అంటే రెండో మెట్టు ఇక్కడా ఉంది. డెల్టా యువకులు విడిభాగాలు తెచ్చి బిగించేవారిగా మిగులుతారా, పరీక్షించి ధ్రువీకరించిన యంత్రాన్ని తామే తయారు చేస్తారా అన్నది ఆ మెట్టు మీదే ఆధారపడి ఉంటుంది.

9. సారాంశం

తొలి విమానాలకు తేలికైన ఇంజనును సైకిల్, మోటారు సైకిల్ పనివారే అందించారు. కర్టిస్, అంజానీ, ప్రెస్ట్‌విచ్ ఇందుకు ఉదాహరణలు. 1923 లింప్న్ పోటీలు బండి ఇంజను పరిమితులను బయటపెట్టాయి. విమానానికి తగినట్టు ఇంజనును ప్రత్యేకంగా రూపొందించి, పరీక్షించి, ధ్రువీకరించిన రోటాక్స్ వంటి సంస్థలే దీర్ఘకాలం నిలిచాయి. భారతదేశంలో విధానపరమైన విభజన వల్ల రెండు పరిశ్రమలూ దూరంగా పెరిగాయి. విజయవాడ వంటి కేంద్రాల్లో చేతిపనితనం సమృద్ధిగా ఉన్నా, దానిని కొలిచి నమోదు చేసే వ్యవస్థలు తక్కువ. సాంకేతిక చరిత్రలో ఒక ప్రాంతం స్థానాన్ని నిర్ణయించేది నైపుణ్యం ఒక్కటే కాదు, ఆ నైపుణ్యానికి అండగా నిలిచే సంస్థలు కూడా.

ముఖ్య పదాలు

హార్స్‌పవర్: ఇంజను శక్తిని కొలిచే ప్రమాణం. ఒక హార్స్‌పవర్ సుమారు 746 వాట్లు.
జ్వలన వ్యవస్థ: సిలిండరులో ఇంధనాన్ని మండించే నిప్పురవ్వను పుట్టించే ఏర్పాటు.
మైక్రోలైట్: ఒకరిద్దరిని మోసే అతి తేలికైన విమానం.
టైప్ సర్టిఫికెట్: ఒక నమూనా నిర్ణీత భద్రతా ప్రమాణాలకు సరిపోతుందని అధికార సంస్థ ఇచ్చే పత్రం.

మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 వాక్యాల్లో సమాధానం రాయండి.
1. విమాన ఇంజన్ల అభివృద్ధిలో మోటారు సైకిల్ తయారీదారుల పాత్రను వివరించండి.
2. భారతదేశంలో మోటారు సైకిల్, విమాన పరిశ్రమలు వేరువేరుగా పెరగడానికి గల కారణాలను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 వాక్యాల్లో సమాధానం రాయండి.
1. వెర్సాయ్ సంధి బీఎండబ్ల్యూ సంస్థపై చూపిన ప్రభావం.
2. వరి సాగులో యమహా 'ఆర్-50' ప్రాముఖ్యం.
3. మీకు దగ్గరలోని ఒక మెకానిక్ షెడ్డును సందర్శించి, అక్కడి పనిలో రాతపూర్వకంగా నమోదు చేసేవి ఏవో, చేయనివి ఏవో ఒక పట్టిక తయారు చేయండి.